కలియుగం అయిపోయిందట!

కలియుగం ముగిసిందని, సత్యయుగం గుమ్మంలో నిలబడి ఉందని చెప్పే సందేశం ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. వాదనలు నాలుగు. మనుస్మృతి ప్రకారం కలి ప్రమాణం 1200 ఏళ్లే, దాన్ని 4,32,000 చేసింది కుల్లూక భట్టు వంటి వ్యాఖ్యాతల పొరపాటు. యుగచక్రం 24,000 ఏళ్లు, అంటే అయనచలనమే (భూమి అక్షం నెమ్మదిగా ఒక చుట్టు తిరగడం). భాగవతం చెప్పిన కలి లక్షణాలన్నీ వచ్చేశాయి. పుష్యమిలో గురువు చేరితే కృతయుగం, అంటే సత్యయుగం, మొదలు. యుగాలను నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. శాస్త్రం పేరు చెప్పి లెక్కలు తారుమారు చేస్తే మాత్రం ఊరుకోలేం.

మొదటి వాదనలో కొంత పస ఉంది. మనుస్మృతి మొదటి అధ్యాయం కలికి వెయ్యేళ్లు, ముందూ వెనకా సంధ్యలకు నూరేసి చెబుతుంది. నాలుగు యుగాలూ కలిపితే 12,000. మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు చెప్పేదీ ఇదే లెక్క, అక్కడ ఇవి దివ్యవర్షాలని (మన 360 ఏళ్లు దేవతలకు ఒక్క ఏడాది; 1200ను 360తో గుణిస్తేనే 4,32,000) విడమరచలేదు. కానీ ‘ఈ పన్నెండు వేలూ దేవతల యుగం’ అనే మాట మనుస్మృతిలో ఆ వెంటనే వస్తుంది. దాన్ని ఎలా అన్వయించాలో పండితులు వాదించుకోవచ్చు. పెద్ద లెక్కను కుల్లూకుడి నెత్తిన రుద్దడం మాత్రం కుదరదు. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే సూర్యసిద్ధాంతం అనే ఖగోళ గ్రంథం ‘ద్వి త్రి సాగరైః అయుతాహతైః’ అంది. రెండు, మూడు, సాగరాలు నాలుగు. సంప్రదాయం ప్రకారం కుడి నుంచి ఎడమకు పేరిస్తే 432. అయుతంతో, అంటే పదివేలతో గుణిస్తే 43,20,000 సౌరవర్షాలు. అదీ చతుర్యుగం. అందులో పదో వంతు కలి. క్రీ.శ. 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసిన విదేశీ పండితుడు అల్ బిరూనీ మన పండితుల నుంచి విని రాసుకున్నదీ ఈ అంకెనే.

సంప్రదాయంతో విభేదించినవారు లేకపోలేదు. ఖగోళ గణితవేత్త ఆర్యభటుడు చతుర్యుగాన్ని నాలుగు సమాన భాగాలు చేశాడు, స్మృతులను కాదన్నందుకు తర్వాతి గణితవేత్త బ్రహ్మగుప్తుడి చేత మాటలు పడ్డాడు. ఆ లెక్కలో కలి తగ్గలేదు సరికదా, 10,80,000 ఏళ్లకు పెరిగింది!

సరే, 1200 ఏళ్లే అనుకుందాం. కలి ఆరంభం క్రీ.పూ. 3102. ఆర్యభటుడు తనకు ఇరవై మూడేళ్లు నిండేనాటికి 3600 ఏళ్లు గడిచాయన్నది, అంటే క్రీ.శ. 499, ఈ లెక్కనే. మన పంచాంగాల్లో 2025 ఉగాదికి కలి గతాబ్దాలు (గడిచిన ఏళ్లు) 5126 అన్నదీ ఈ లెక్కనే. 1200 ఏళ్ల కలి అయితే క్రీ.పూ. 1900 ప్రాంతంలోనే ముగిసి ఉండాలి. ఇప్పుడు ముగియడానికి మిగిలిందేమిటి? పైగా ఈ సందేశం పంపేవారిలో చాలామంది పూజలో కూర్చుంటే ‘కలియుగే ప్రథమ పాదే’ అనే సంకల్పం చెప్పుకుంటారు. కలిలో పాదమంటే 1,08,000 ఏళ్లు.

24,000 ఏళ్ల చక్రం పరమహంస యోగానంద గురువు శ్రీయుక్తేశ్వర్ గిరి 1894లో ప్రతిపాదించినది. అందులో కలి దాటాక వచ్చేది ద్వాపరం, అదీ 1700 ప్రాంతంలోనే మొదలైంది. సత్యయుగం రావాలంటే ఇంకా వేల ఏళ్లు ఆగాలి. సందేశం రాసినవారు చక్రాన్ని ఆయన దగ్గర తీసుకుని, కలి వెంటనే కృతం అనే వరుసను పురాణాల దగ్గర తీసుకున్నారు. అయనచలనం కూడా 24,000 కాదు, సుమారు 25,770 ఏళ్లు.

కలి లక్షణాల జాబితాలోనూ ఇదే కత్తిరింపు. భాగవతం ద్వాదశ స్కంధంలో జుట్టు పెంచుకోవడమే అందమనుకుంటారని, డబ్బున్నవాడే కులీనుడని ఉన్న మాటలు అందరికీ నచ్చుతాయి; ప్రతి తరమూ పక్కింటివాణ్ణి చూసి అవునంటుంది. అదే అధ్యాయంలో కలి ముదిరినప్పుడు మనుషుల పరమాయువు ఇరవై, ముప్ఫై ఏళ్లని, ఆవులు మేకలంత అవుతాయని, చెట్లు జమ్మిచెట్ల పాటివి మాత్రమే మిగులుతాయని ఉంది. ఈ భాగం ఏ సందేశంలోనూ కనిపించదు. ఒంగోలు గిత్త ఎదుట నిలబడి ఆవుల సంగతి చెప్పండి చూద్దాం. (పుంగనూరు ఆవును సాక్ష్యం తెస్తారేమో! అది పొట్టిజాతి, కలి మహిమ కాదు.)

ఇక పుష్యమి. చంద్రుడు, సూర్యుడు, తిష్యం, బృహస్పతి ఒకే రాశిలో కలిసినప్పుడు కృతయుగం మొదలవుతుందని భాగవతంలో ఆ అధ్యాయంలోనే శ్లోకం ఉంది. తిష్యం అంటే పుష్యమి. గురువు సుమారు పన్నెండేళ్లకోసారి కర్కాటకానికి వస్తాడు, సూర్యుడు ఏటా వస్తాడు, చంద్రుడు నెలనెలా వస్తాడు. ముగ్గురూ సరిగ్గా పుష్యమిలోనే కలవడం అరుదే అయినా, 2014 జూలై 26 రాత్రి, ఆషాఢ అమావాస్యనాడు, ఆ కలయిక జరిగింది; కృతయుగమేమీ రాలేదు. ముగ్గురూ ఒకే క్షణంలో ప్రవేశించాలని శ్లోకార్థం అనేవారుంటే అనవచ్చు, అప్పుడు ఆ క్షణం ఏ సంవత్సరంలో వస్తుందో గణితం చేసి చూపించాల్సిన బాధ్యతా వారిదే. పుష్యమిలో గురువు చేరడమొక్కటే చాలదు.