ఉల్లి చేసిన మేలు

పెద్ద రిటైల్ కంపెనీలో ఉద్యోగమంటే మా ఊళ్లో అందరూ ఏసీలో ఉద్యోగం అనుకుంటారు. నిజమే, ఏసీలోనే. కాకపోతే కుర్చీ ఉండదు. తొమ్మిది గంటల షిఫ్టులో అన్నం తినే అరగంట తప్ప కూర్చునే యోగం లేదు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కొట్లాడి 2018లో కూర్చునే హక్కు తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడు కూడా చట్టం చేసింది. ఆ వార్త నేను కూకట్‌పల్లిలో, మా స్టోర్ వెనక గోడకు ఆనుకుని, నిలబడే చదివాను.

నా డ్యూటీ కూరగాయల కాటా దగ్గర. కస్టమర్ కవర్ ఇస్తాడు, కాటా మీద పెడతాను, ఆ సరుకు నంబర్ కొడతాను, స్టిక్కర్ వస్తుంది, అంటిస్తాను. కంపెనీ ప్యాకెట్ల మీద బార్‌కోడ్ ఎక్కువగా 890తో మొదలవుతుంది. మా కాటా ఇచ్చే స్టిక్కర్ మాత్రం 2తో మొదలవుతుంది. అది ఇంటి బిడ్డ. దాని కడుపులో సరుకు నంబరూ బరువూ ఉంటాయి. కౌంటర్లో అమ్మాయి దాన్ని మెషీన్‌కి చూపిస్తే 'కీ' మంటుంది, అంతే. లోపల ఏముందో ఆ అమ్మాయి చూడదు. క్యూలో నలభై మంది ఉన్నప్పుడు చూస్తే ఊరుకునేది ఎవరు?

ఇక జనవరి 26. ఆ రోజున చవక సేల్ పెట్టే అలవాటు 2006లో బిగ్ బజార్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ రోజు జెండా ఎగరేయని షాపు ఉంటుందేమో గానీ, సేల్ పెట్టని షాపు ఉండదు. మా దగ్గర ఉల్లిపాయలు కిలో 29, జీడిపప్పు కిలో 599. ఉల్లి నంబర్ 12. జీడిపప్పు నంబర్ 21. ఈ రెండు నంబర్లు పెట్టిన మహానుభావుడు ఎవరో హెడ్డాఫీసులో కుర్చీలో కూర్చునే ఉంటాడు.

పొద్దుటి నుంచి 12 కొట్టీ కొట్టీ నా వేలు దానంతటదే పన్నెండు మీదికి పోవడం నేర్చుకుంది. మధ్యాహ్నానికి ఉల్లి అయిపోయింది. "ఖాళీగా ఎందుకు నిలబడ్డావ్? డ్రైఫ్రూట్స్ కుర్రాడు రాలేదు, ఆ కాటా దగ్గరికి పో" అన్నారు మేనేజర్ సార్. నేను పోయాను. నా వెంట నా వేలూ వచ్చింది.

కాటా మీద చిన్న తెర ఉంటుంది. సరుకు పేరూ ధరా అన్నీ చూపిస్తుంది, చూసే తీరిక ఉన్నవాడికి. ఎదురుగా జనం మేడారం జాతరలా ఉన్నారు. కొందరు స్టిక్కర్ చూసుకుని, నా మొహం చూసి నవ్వారు. పండగ పూట ఎంత మర్యాదస్తులో అనుకుని నేనూ నవ్వాను. ఒకాయన మూడుసార్లు వచ్చాడు. మూడోసారి బావమరిదిని కూడా తెచ్చాడు.

నాలుగింటికి ఒక మామ్మగారు బిల్లు పట్టుకుని వచ్చారు.

"ఏమయ్యా, నేను ఉల్లిపాయలు కొన్నానా?"

"లేదండీ?"

"మరి ఇక్కడ అరకిలో ఉల్లిపాయలు, పద్నాలుగున్నర వేశారే! చదువు రాదనుకున్నారా? ముప్పై ఏళ్లు టీచర్‌గా చేశాను."

సంచీ వెతికాం. ఉల్లిపాయ లేదు. అరకిలో జీడిపప్పు మాత్రం ఉంది. బిల్లులో జీడిపప్పు లేదన్న సంగతి ఆవిడకు తట్టలేదు, నాకూ తట్టలేదు. కస్టమరే దేవుడని ట్రైనింగ్‌లో మూడు రోజులు చెప్పారు కదా, చేతులు జోడించి, సూపర్‌వైజర్ అక్కను బతిమాలి, కార్డు గీకించి, ఉల్లి డబ్బులు వెనక్కి ఇప్పించాను. అర్ధరూపాయి చిల్లర లేక పదిహేను ఇచ్చాం. అంటే అరకిలో జీడిపప్పు ఇచ్చి, పైన అర్ధరూపాయి దక్షిణ కూడా ఇచ్చి పంపాం. "కంపెనీ మంచిదేలే, మనుషులే కంగారు" అని దీవించి వెళ్లారు.

రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న రోజూలాగే నా టిఫిన్ డబ్బా మూత తీసి, చెంచా పెట్టి కెలికి చూశాడు. జేబులు తడిమాడు. ఒక్క పలుకు కూడా బయటికి పోకూడదని వాళ్లకు ఆర్డర్. ముందు గేటు నుంచి పగలంతా 38 కిలోలు, బిల్లుతో సహా, థాంక్యూ చెప్పించుకుని మరీ వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి ఫోన్. మేనేజర్ సార్ స్పీకర్ పెట్టారు. "స్టాక్ సున్నా అయ్యాక కూడా ఉల్లి అమ్మిన స్టోర్ మీదొక్కటే. ఎలా చేశారు? మిగతా స్టోర్లకు కూడా చెప్పండి" అన్నారు అవతలి నుంచి. సార్ మొహం మొదట వెలిగింది. తర్వాత జీడిపప్పు డబ్బా గుర్తొచ్చింది. అది ఖాళీగా ఉంది, కంప్యూటర్లో మాత్రం నిండుగా ఉంది. సార్ అక్కడే లెక్క కట్టారు: 38 కిలోలు, కిలోకి 570 తేడా, మొత్తం 21,660. ఆ తర్వాత ఆయన అన్న మాటలు మామ్మగారి లాంటి టీచర్లు చదివే చోట రాయలేను. నా చేత సంజాయిషీ రాయించుకున్నారు. కారణం దగ్గర "వేలు" అని రాస్తే కొట్టేసి "పని ఒత్తిడి" అని రాయమన్నారు. అది కూడా కొట్టేసి, చివరికి "సాంకేతిక లోపం" దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ సరుకు ఎంత పంపాలో మనుషులు చెప్పరు, సిస్టమ్ చెబుతుంది. ఉల్లి స్టాక్ మైనస్ 38 అని చూసి, పాపం కూకట్‌పల్లి జనం ఉల్లి కోసం అల్లాడిపోతున్నారని దానికి అనిపించింది. రోజూ ఆరు బస్తాలు వచ్చేచోట ఆ సాయంత్రం లారీలోంచి పద్నాలుగు దిగాయి. స్టోర్‌రూంలో చోటు లేక, మేం టీ తాగే వెనక వరండాలో గోడ వెంబడి వరసగా పేర్చారు.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మా అమ్మే అనేది. టీకి వచ్చిన బిల్లింగ్ అక్క ఒక బస్తాని చేత్తో నొక్కి చూసి, మెల్లగా దాని మీద కూర్చుంది. ఆమె పక్కన సూపర్‌వైజర్ అక్క. ఆ తర్వాత సెక్యూరిటీ అన్న, టోపీ తీసి. నేనింకా నిలబడే ఉన్నాను. మొన్నటి తప్పు నాదే కదా, మొహమాటం.

"రారా, కూర్చో. నువ్వు తెప్పించినవే కదా" అని అన్న కొంచెం పక్కకు జరిగాడు.