కార్లు లోపల, ఉస్తాదులు గేటు బయట

హనుమకొండలో మొన్న జరిగిన పాత కార్ల కలయిక మీద గొడవ ఇంకా చల్లారలేదు. హోటల్ లాన్‌లో పెట్టడం, బండికి ఇంత అని ఫీజు వసూలు చేయడం, యాభై ఏళ్లు నిండని బండిని గేటు దగ్గరే ఆపేయడం, ఇంజన్ మార్చిన అంబాసిడర్లను పోటీకి పనికిరావనడం, ఖిల్లా వరంగల్ దాకా అన్న ర్యాలీని ఆఖరి నిమిషంలో రద్దు చేయడం. ఇవన్నీ ఊరంతా మాట్లాడుకున్నవే, మళ్లీ చెప్పను. పాత కార్ల క్లబ్బు రెండు ముక్కలయ్యేలా ఉంది. నా మాట ముందే చెప్పేస్తున్నాను: తప్పు నిర్వాహకులదే. ఫీజు విషయంలో చిన్న తప్పు, వయసు నిబంధనలో పెద్ద తప్పు. మెకానిక్‌లను గేటు బయట నిలబెట్టడం మాత్రం నేను మరిచిపోలేని తప్పు.

వయసు సంగతి ముందు చూద్దాం. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. 20,000 రూపాయలు కడితే రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. ఇదంతా ఆర్టీఏ కాగితాల కోసం రాసిన నిబంధన. దాన్ని తెచ్చి మన ఊరి కలయికకు గేటుగా బిగించమని ఎవరూ చెప్పలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా లెక్కలో కూడా చారిత్రక వాహనం అనడానికి వయసు వరకు 30 ఏళ్లు చాలు.

యాభై అనగానే ఏ బండ్లు పోతాయో చూడండి. 1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800 పోతుంది. 1984 నాటి కాంటెస్సా పోతుంది. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్లలో డెబ్బైల మధ్య నుంచి వచ్చినవన్నీ పోతాయి. పద్మిని పేరుతో వచ్చిన ఫియట్లు దాదాపు అన్నీ పోతాయి. అంటే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జనం పెళ్లికూతుళ్లను తీసుకెళ్లిన బండ్లు, మేడారం జాతరకు కుటుంబమంతా ఇరుక్కుని పోయిన బండ్లు, సగం రాత్రి ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తిన బండ్లు. ఇక లాన్ మీద మిగిలింది కొన్ని విల్లీస్ జీపులు, పాత ఫియట్ 1100లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్. వాటిలో సగం హైదరాబాద్ నుంచి లారీల మీద దిగినవి. అందంగా ఉన్నాయి, కాదనను. కానీ కలయిక మన ఊళ్లో పెట్టి మన బండ్లనే బయట ఆపితే ఎట్లా?

మా నాన్న 1982లో కొన్న పద్మిని కూడా ఆ రోజు గేటు దాటలేదు. కాబట్టి నాకు ఇందులో సొంత బాధ ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. అది లేకపోయినా ఇదే రాసేవాణ్ని.

నిర్వాహకుల వాదన కూడా విన్నాను. పోలీసు పర్మిషన్, ఇన్సూరెన్స్, స్పాన్సర్లు, అతిథుల సెక్యూరిటీ, ఇవన్నీ వాళ్ల నెత్తిన పడ్డాయి. ఒక గీత గీయకపోతే అది సెకండ్ హ్యాండ్ కార్ల సంత అవుతుందన్నారు. ఒరిజినల్‌గా కాపాడుకున్నవాడికి, ఏ ఇంజన్ దొరికితే అది వేసుకున్నవాడికి తేడా ఉండొద్దా అన్నారు. ఉండాలి. దానికి రెండు విభాగాలు పెడితే సరిపోయేది. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించినవాళ్లు సరదాకు పెట్టించలేదు. పెట్రోలు ధర భరించలేక, టాక్సీ కిస్తీలు కట్టుకోవడానికి పెట్టించారు. ఆ మార్పు కూడా ఆ బండి చరిత్రలో భాగమే.

ఇక అసలు విషయం. ఆ రోజు బండ్లను పొద్దున పది దాటాక వరసగా నిలబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండున్నర. రాగానే అందరినీ ఒకేసారి ఇంజన్లు స్టార్ట్ చేయమన్నారు, ఫొటోల కోసం నిలబెట్టే నడిపించారు. పాత కారు ఎండలో నిలబడి ఐడిలింగ్‌లో ఉంటే ఏమవుతుందో ఏ డ్రైవర్‌ను అడిగినా చెబుతాడు. ఇంజన్‌కు అంటుకుని ఉండే పెట్రోలు పంపు వేడెక్కుతుంది, లోపల పెట్రోలు ఆవిరైపోతుంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే కార్బురేటర్‌కు అందదు. ఒక ఫియట్ 1100 అట్లాగే ఆగిపోయింది. ఓనరు సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేశాడు. అప్పుడు గేటు బయట నిలబడ్డ ఒక పెద్దాయన్ని లోపలికి పిలిచారు. ఆయన వస్తూనే ఎవరి దగ్గరో కర్చీఫ్ అడిగి తీసుకుని, నీళ్లలో తడిపి పంపు మీద పరిచాడు. బానెట్ ఎత్తి ఉంచి పది నిమిషాలు ఆగమన్నాడు. తర్వాత నలుగురు నెడితే బండి కదిలింది. చప్పట్లు ఓనరుకు కొట్టారు. ఆ పెద్దాయనకు పాస్ లేదని మళ్లీ బయటికి పంపేశారు.

ఆయన ఆటోనగర్‌లో నలభై ఏళ్లకు పైగా పని చేస్తున్న ఉస్తాద్. లాన్ మీదున్న బండ్లలో కనీసం మూడు ఆయన చేతి మీద నడుస్తున్నవే. ఇంజన్‌లో స్పార్కు పుట్టించే సీబీ పాయింట్ల మధ్య గ్యాప్ మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. దాన్ని ఆయన గేజ్ లేకుండా సరిచేసి, ఆ స్పార్కు పడే టైమింగ్‌ను చెవితో వినే పెడతాడు. స్టాండర్డ్ కంపెనీ కార్ల తయారీ ఎప్పుడో ఎనభైల్లోనే ఆగిపోయింది. ముంబైలోని కుర్లాలో పద్మిని తయారీ ఆగి పాతికేళ్లవుతోంది. పార్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయనుకుంటున్నారు? స్క్రాప్‌లో వెతికి కొన్ని, లేత్ మీద చేయించి కొన్ని, ఇంకో బండి పార్టును రాకి సరిపెట్టి కొన్ని. ఏ కొలతకు రాకాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆయన తలలో ఉంటుంది. ఓనర్ల చేతిలో డబ్బు ఉంది, అభిమానం ఉంది, అవి కావాలి. కానీ ఆ కారును బతికించిన చెయ్యి ఆయనది. ఆ రోజు వేదిక మీద చదివిన పేర్లలో ఒక్క మెకానిక్ పేరు లేదు, ఒక్క పెయింటర్ పేరు లేదు, సీటు కవర్లు కుట్టినవాడి పేరు లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇది ఈ ఊళ్లో జరగడం. ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో పాలంపేట ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం అక్కడే. జనం నోట మాత్రం దానికి సేనాని పేరు నిలవలేదు. చెక్కిన శిల్పి పేరుతోనే రామప్ప గుడి అంటున్నామని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చిన అదే 2021 జూలైలో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పనివాడి పేరు గుడికి పెట్టుకున్న నేల మీద మెకానిక్‌కు పాస్ దొరకలేదు.

మనం వారసత్వం అనగానే రాయి దగ్గర ఆగిపోతున్నాం. వేయి స్తంభాలు, కీర్తి తోరణాలు, అంతే. గడిచిన వందేళ్లలో ఈ ప్రాంతానికి వచ్చిన పనితనం మన కళ్లకు ఆనడం లేదు. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు ఫిట్టర్లు, కాజీపేట లోకో షెడ్డు కార్మికులు, సింగరేణి వర్క్‌షాపుల్లో వెల్డింగ్ నేర్చినవాళ్లు, ఆర్టీసీ డిపోల్లో చెయ్యి తిరిగి బయట షెడ్డు పెట్టుకున్నవాళ్లు. వీళ్లలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ వచ్చిన పని అది. మిల్లు పోయింది, ఆ స్థలం ప్లాట్లయింది. ఆ మిల్లులో యంత్రం ఎట్లా నడిచేదో చెప్పగలిగినవాళ్లు ఇంకొంతమందే ఉన్నారు. పాత కార్ల పని కూడా అదే దారిలో ఉంది. ఇప్పటి కుర్రాళ్లు స్కానర్ పెట్టి కోడ్ చదువుతారు, అది మంచి పనే. కార్బురేటర్ విప్పి పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల జెట్లు కడగడం నేర్చుకునేవాడు మాత్రం ఆ ఉస్తాద్ షెడ్డులో ఇప్పుడు ఒక్కడూ లేడు.

లండన్ నుంచి బ్రైటన్‌కు ప్రతి నవంబరులో పాత కార్ల ప్రయాణం ఉంటుంది, 1905 కన్నా ముందు తయారైన బండ్లతో. సూర్యోదయానికే బయలుదేరతారు. అది రేసు కాదు, వేళకు గమ్యం చేరినవాళ్లకు పతకం ఇస్తారు. మనకూ అట్లాంటిదే చాలు. తెల్లవారుజామున భద్రకాళి చెరువు దగ్గర మొదలుపెట్టి, ఆటోనగర్ మీదుగా ఖిల్లాకు. ముప్పై ఏళ్లు దాటిన ఏ బండైనా రావచ్చు. ప్రతి బండి అద్దం మీద ఓనరు పేరు కింద మెకానిక్ పేరు. పోలీసు పర్మిషన్‌కు నేను కూడా వచ్చి సంతకం పెడతాను.

రెండు వర్గాలూ వచ్చే నెల మళ్లీ కూర్చుంటాయట. అక్కడ ఏం తేలినా, వచ్చే ఏడాది మా నాన్న పద్మిని వస్తుంది. పక్క సీట్లో ఉస్తాద్ ఉంటాడు. ఆయన్ను గేటు దగ్గర దింపమంటే బండిని అక్కడే ఆపేస్తాను.