వెండి రూపాయి నల్లబడితే కల్తీదని కాదు

శ్రావణమాసం వస్తే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "అసలైన వెండి నల్లబడదు, నల్లబడితే కల్తీ. పాత రూపాయల్ని టూత్‌పేస్టుతో తోమి, గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో దాచండి. మెరిసే నాణేనికే ధర" అని దాని సారం. పాత రూపాయలు పోగుచేసేవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ఈ మాట నమ్మి తోమేసిన నాణెం మళ్లీ మామూలుగా అవదు.

ముందుగా కల్తీ సంగతి. వెండిని నల్లబరిచేది గంధకం. గాలిలో లేశమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. 999 వెండి (99.9 శాతం స్వచ్ఛమైనది) బిళ్లకైనా ఇది తప్పదు. నమ్మకం కుదరకపోతే ఉడికిన కోడిగుడ్డు ముక్కల్లో వెండి చెంచా ఒక పూట ఉంచి చూడండి. పొర పలచగా ఉన్నప్పుడు బంగారు పసుపు, చిక్కబడేకొద్దీ ఎరుపు, ఊదా, నీలం, చివరికి నలుపు. వాన నీటి మీద పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగుల లాంటివే ఇవీ. కల్తీ అనుమానముంటే రంగు చూడకండి, తూకం వేయండి. బ్రిటిష్ రాజు జార్జి V బొమ్మున్న రూపాయి 11.66 గ్రాములు, అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అరిగినవి కాస్త తక్కువ తూగుతాయి.

ఇక ప్లాస్టిక్ కవరు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మెత్తగా వంగే, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవర్లు చాలావరకు పీవీసీవి. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. వేడికి ప్లాస్టిక్ చెడి ఆమ్లం కూడా పుడుతుంది. మన ఎండల్లో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. నాణెంలో వెండితో కలిపిన రాగి ఆ ఆమ్లానికి దొరికి, జిగటగా ఆకుపచ్చ కిలుము పడుతుంది. నలుపు పైపొర మాత్రమే, ఈ కిలుము లోహాన్ని తినేస్తుంది. కవరు ఏదో తేల్చుకోవాలంటే రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి కవరు మూలకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే అది పీవీసీయే అనుకోవచ్చు. ఈ పని ఆరుబయట చేయండి, ఆ పొగ మంచిది కాదు. మైలార్ (ఒక రకం పాలిస్టర్), పాలీప్రొపిలీన్ కవర్లతో ఈ బాధ లేదు. జిగట అప్పటికే అంటితే, నాణేన్ని రుద్దకుండా స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీయాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు.

ఆ మెసేజ్ అసలు ఎత్తని సంగతి రబ్బరు బ్యాండు. రబ్బరును గట్టిపరచడానికి గంధకమే కలుపుతారు. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో రూపాయల కట్ట ఒకటి దొరికింది. చివరి నాణెం రాజు బొమ్మకు అడ్డంగా, చెవి దగ్గర నుంచి గడ్డం దాకా, నల్లటి గీత. బ్యాండు వెడల్పు ఎంతో గీతా అంతే. మిగతా ముఖం లేత బూడిదరంగులో శుభ్రంగా ఉంది. ఊలు గుడ్డల్లో కూడా గంధకం ఉంటుంది, వాటిలోనూ చుట్టకండి.

గాలి తగలకపోతే చాలనడమూ సగం మాటే. కవరే గంధకమో ఆమ్లమో వదులుతుంటే గట్టిగా మూసేకొద్దీ అవి నాణెం దగ్గరే మిగులుతాయి. తేమకు సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టండి, నెలనెలా మార్చండి.

తోమడం గురించి ఒక్క ఉదాహరణ చాలు. 1911 జార్జి V రూపాయి మీద రాజు వస్త్రంపై చెక్కిన ఏనుగు పందిలా కనిపించి పెద్ద గొడవైంది. 1912లో ఆ బొమ్మను సవరించారు. సేకరించేవాళ్లు ఆ రూపాయిని చేతిలోకి తీసుకోగానే భూతద్దం పెట్టేది ఆ చిన్న ఏనుగు మీదే. టూత్‌పేస్టులోని పొడి ముందుగా అరగదీసేదీ అలాంటి చెక్కుడునే. పైన సన్నటి గీతలు పడతాయి. అవి ఎప్పటికీ పోవు, కొనేవాడు వెలుతురులో ఒక్కసారి తిప్పితే కనిపెట్టేస్తాడు, ధర అక్కడే పడిపోతుంది. పూజలో పెట్టే లక్ష్మీ బిళ్లనైతే మీకు నచ్చినట్టు తోముకోండి, అది వేరే సంగతి. అమ్మమ్మ పెట్టెలో దొరికిన, ఆ నల్లటి గీత పడిన రూపాయిని నేను తోమలేదు. మైలార్ కవర్లో వేసి, పక్కన ఆ తెగిపోయిన బ్యాండు ముక్క ఫోటో పెట్టుకున్నాను.