క్లినికల్ లాడర్ గారూ, ఒక్క మాట

క్లినికల్ లాడర్ గారికి,

విశాఖపట్నం నుంచి ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు నమస్కరించి రాయునది. నర్సుల పనితనాన్ని బట్టి మెట్లు కట్టి ప్రమోషన్లిచ్చే పద్ధతిగా మీరు మా ఆసుపత్రికి వచ్చి రెండేళ్లయింది. మీరొచ్చిన రోజు కాన్ఫరెన్స్ హాల్లో అందరికీ సమోసాలు పెట్టారు, హెచ్ఆర్ సార్ తెర మీద మీ బొమ్మ చూపించి "ఇకమీదట పేషెంటు పక్కనుంచి కదలకుండానే ప్రమోషన్, సిస్టర్స్" అన్నారు. పన్నెండేళ్లుగా అవే మంచాల మధ్య తిరుగుతున్నదాన్ని కదా, మనసు కరిగిపోయి రెండో సమోసా కూడా తినేశాను.

మీ పుట్టుపూర్వోత్తరాలు తర్వాత చదివాను. అమెరికాలో మంచి నర్సులు జీతం పెరగాలంటే వార్డు వదిలి ఆఫీసు కుర్చీలోకి పోవాల్సి వస్తోందని, వాళ్లని వార్డులోనే నిలుపుకోవడానికి 1970ల్లో మిమ్మల్ని తెచ్చారట. 1984లో ప్యాట్రీషియా బెన్నర్ గారు నర్సు పనితనానికి అయిదు దశలుంటాయని పుస్తకం రాశారు, రూలు చూసుకుని పనిచేసే కొత్తపిల్ల దగ్గర్నుంచి చూడగానే తేడా పసిగట్టే ముదురు చేయి దాకా. చాలా ఆసుపత్రులు మీ మెట్లు ఆ దశలను బట్టే కట్టాయి. ఇంత మంచి ఇంట్లో పుట్టి ఇక్కడికొచ్చి ఇలా తయారయ్యారేంటండీ?

మూడో మెట్టుకి ఫైలు పెడుతున్నాను. సర్టిఫికెట్లు, రెండు కేస్ స్టడీలు, ఒక క్వాలిటీ ప్రాజెక్టు, సొంత అనుభవం నెమరేసుకుంటూ రాసే ఒక రిఫ్లెక్టివ్ ఎస్సే, అన్నీ మూడు కాపీలు. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకి ఒక నర్సు ఉండాలని లెక్క, నాకు మామూలుగా ఇద్దరు పేషెంట్లు, ఎవరైనా సెలవు పెడితే ముగ్గురు, కాబట్టి ఈ ఫైలు పని నైట్ డ్యూటీ దిగాక నిద్రపోవాల్సిన టైములో.

పోయిన నెల నరసన్నపేట నుంచి వచ్చిన ఓ పెద్దాయన, బీపీ బాగానే ఉంది, మానిటర్ కూడా కిక్కురుమనలేదు, "అమ్మా, ఏటో గాబరాగా ఉన్నాది" అన్నాడు. దుప్పటి పీక్కుంటున్న తీరు నాకు నచ్చలేదు, చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట. డ్యూటీ డాక్టర్ని లేపాను. విసుక్కుంటూ వచ్చి, ఈసీజీ చూసి, గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే క్యాథ్ ల్యాబ్‌కి ఫోన్ చేయడానికి ఆయనే పరిగెత్తారు. దీన్ని మీ ఫారంలో రాద్దామంటే "ఇతర వివరాలు" అని లైనున్నర చోటుంది, పక్కన "ఆధారం జతచేయండి" అని ఉంది. ఆధారం నడుచుకుంటూ నరసన్నపేట వెళ్లిపోయిందండీ. అదే వారం చేతులు కడుక్కోవడం మీద పోస్టర్ చేసిన అమ్మాయికి పది పాయింట్లు వచ్చాయి. పోస్టర్ బాగుంది, కాదనను, సింక్ పైన అతికించారు కూడా, ఆ సింకులోనే నీళ్లు రావు.

మా ఊళ్లో ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ తొలిపావంచాకే వస్తాం. కొండ ఎక్కామని మేమెవరం అనుకోం. మీ దగ్గర రెండేళ్లు తిరిగాక నాకొచ్చింది నెలకి అయిదొందలూ, నీలం బ్యాడ్జీ. అక్కడైతే దారిపొడుగునా మజ్జిగన్నా పోస్తారు.

అన్నట్టు, మీ నాలుగో మెట్టు దాకా ఎక్కింది మా దగ్గర ఒక్క అక్కే. ఎంత ఎండిపోయిన చేతిలోనైనా ఒక్క పోటుకి వెయిన్ పట్టేది. ఎక్కిన నెలకే ఆడిట్ రూములో కూర్చోబెట్టారు, ఇప్పుడు మా ఫైళ్లకి పాయింట్లు వేస్తోంది. అయినా పసిపిల్లకి వెయిన్ దొరక్కపోతే మేము ఫోన్ చేస్తాం, మీటింగ్‌లో బాత్రూంకని చెప్పి సర్వీస్ లిఫ్టులో దొంగచాటుగా వచ్చి కాన్యులా పెట్టి పోతుంది. దొరికిపోతే ఏ మెట్టు దింపుతారో మరి.

ఇంతకీ ఈ ఉత్తరాన్ని రిఫ్లెక్టివ్ ఎస్సే కింద పెట్టొచ్చా? పెడితే ఎన్ని పాయింట్లు? శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చెప్పండి, జెరాక్స్ తీయించుకోవాలి. ఆ రోజు నాకు మళ్లీ నైట్.

ఇట్లు,
మీ రెండో మెట్టు