ఆ పసుపు మనది కాదు

2022 మార్చి 20, ఆదివారం సాయంత్రం ఏడున్నర. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడుతోంది, కేరళ బ్లాస్టర్స్ మీద. ఆ టైమ్‌కి నేను గచ్చిబౌలిలో మా రూమ్ కింద ఉన్న చాయ్ హోటల్లో ఉన్నాను. గోడకి టీవీ ఉంది, అందులో ఏదో డబ్బింగ్ సినిమా. "అన్నా, ఫుట్‌బాల్ పెడ్తవా? మన హైదరాబాద్ ఫైనల్ ఆడుతోంది" అన్నాను. గల్లా మీదున్న అన్న నన్ను పైకీ కిందకీ చూసి "మనకి ఫుట్‌బాల్ టీమ్ ఉన్నదా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అక్కడి నుంచి మన టీమ్ హోమ్ గ్రౌండ్, అంటే బాలయోగి స్టేడియం, ఆటోలో పది నిమిషాలు.

ఇప్పుడు ఇది ఎందుకు తవ్వుతున్నానంటే, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యాక మన టైమ్‌లైన్ల మీద ఒక్కసారిగా ఏడుపులు మొదలయ్యాయి. "హైదరాబాద్ ఫుట్‌బాల్ గడ్డ", "రహీమ్ సాబ్ ఊరు" అంటూ పాత నలుపు తెలుపు ఫొటోలు. ఫొటోలు నిజమే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే 1951లోనూ 1962లోనూ ఇండియాకి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిపెట్టాడు. కాదన్నదెవరు? కానీ మన తాతలు నేతులు తాగారు, మన మూతులు వాసన చూడమంటే ఎట్లా? మన కళ్ల ముందు జరిగిన ఫైనల్ ఎంతమంది చూశారో చెప్పండి ముందు.

ఆ మ్యాచ్ గోవాలో, ఫటోర్డా స్టేడియంలో. కొవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే ఆడించారు, మన జట్టు సొంతూళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. కేరళ నుంచి జనం తండోపతండాలుగా దిగారు. రెండు జట్లదీ పసుపు జెర్సీయే. లీగ్ టేబుల్‌లో మనం పైన ఉన్నాం కాబట్టి పసుపు జెర్సీ మనకి దక్కింది, బ్లాస్టర్స్ తమ పసుపు వదిలేసి ముదురు రంగులో దిగాల్సి వచ్చింది. ఫలితం ఏంటంటే, ఫోన్‌లో చూస్తుంటే స్టాండ్స్ నిండా పసుపు, గ్రౌండ్‌లో మనవాళ్ల ఒంటి మీదా పసుపే. తెలియనివాడు చూస్తే ఊరు ఊరంతా హైదరాబాద్ కోసం వచ్చిందనుకుంటాడు. మనవాళ్ల కాలికి బంతి దొరికినప్పుడల్లా ఆ పసుపంతా బుస కొడుతుంటే గానీ అర్థం కాదు.

68వ నిమిషంలో బ్లాస్టర్స్ ఆటగాడు రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టాడు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతికి తగిలి మరీ లోపలికి పోయింది. ఈ రాహుల్ మనకి కొత్తకాదు. 2019లో గచ్చిబౌలిలో మన మొట్టమొదటి హోమ్ మ్యాచ్ కూడా బ్లాస్టర్స్ మీదే, అప్పుడూ ముందు గోల్ కొట్టింది ఇతనే. ఆ రోజు 2-1తో గెలిచాం. ఆ సీజన్లో గెలిచింది మొత్తం రెండే, పది జట్లలో పదో స్థానం, అది వేరే కథ. అట్టడుగున ఉన్న ఆ జట్టుని కోచ్ మనోలో మార్క్వెజ్ రెండేళ్లలో ఫైనల్‌కి తెచ్చాడు.

88వ నిమిషం దాకా ఓడిపోయామనే అనుకున్నాను. మన సాహిల్ తవోరా, మధ్యలో దిగిన కుర్రాడు, బాక్స్ బయట నుంచి బంతిని నేలకి తగలనివ్వకుండా కొట్టాడు. నేను అరిచిన అరుపుకి చాయ్ పోసే పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. డబ్బింగ్ సినిమా చూస్తున్నవాళ్లు విసుగ్గా వెనక్కి తిరిగారు.

స్కోరు 1-1, ఇక పెనాల్టీలు. కట్టిమణి గురించి ఒకటి చెప్పాలి. అతను గోవా వాడే. 2015 ఫైనల్లో, ఇదే ఫటోర్డాలో, ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్. గోవా 2-1తో ముందుంది, 90వ నిమిషంలో ఇతని చేతి నుంచే బంతి సొంత గోల్లోకి పోయింది, ఆ వెంటనే చెన్నయిన్ ఇంకోటి కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. ఆరేళ్ల తర్వాత అదే ఊళ్లో, ఇంతకుముందే చేతి నుంచి జారిన గోల్ ఒకటి నెత్తిన పెట్టుకుని పెనాల్టీలకి నిలబడ్డాడు. బ్లాస్టర్స్ వాళ్లలో లెస్కోవిచ్‌ది ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు. బంతి కొట్టకముందే గోల్ లైన్ వదిలాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, మళ్లీ ఆపాడు! జీక్సన్‌ది కూడా. హాలీచరణ్ నర్జారీ చివరిది కొట్టగానే 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

బయటికొచ్చి చూస్తే రోడ్డు మీద మామూలు ఆదివారం. ఒక్క హారన్ లేదు, ఒక్క టపాకాయ లేదు. ఆ వారం ఊరంతా రాబోయే పెద్ద సినిమా టికెట్ల టెన్షన్‌లో ఉంది. తర్వాతి సీజన్ ఛాంపియన్ హోదాలో టీమ్ ఇంటికొస్తే నేను వెళ్లాను. నేను కూర్చున్న వైపు ఖాళీ కుర్చీలే ఎక్కువ. ఆ పక్క అవతలి జట్టు వాళ్లు నా కంటే గట్టిగా పాడుతున్నారు.

యాజమాన్యాన్ని తిట్టొద్దని అనను. 2023-24 నాటికి జీతాల గొడవలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క గెలుపు, ఇవన్నీ జరిగాయి. మనం స్టేడియం నింపినంత మాత్రాన జీతాలు పడేవని కూడా చెప్పను. కానీ జనం ఉన్న క్లబ్బుని మూటగట్టి ఇంకో ఊరికి తీసుకెళ్లడం అంత తేలిక కాదు. కొచ్చి నుంచి బ్లాస్టర్స్‌ని ఎవరైనా అలా తీసుకెళ్లి చూడమనండి. 2014, 2016, 2022, మూడు ఫైనల్స్ ఓడిన జట్టు అది. అయినా ఆ జనం చెక్కుచెదరలేదు. మనకి కప్పు వచ్చింది, జనం రాలేదు.

మా ఆఫీసులో ఒక మలయాళీ ఉన్నాడు. ఫైనల్ మర్నాడు నాతో మాట్లాడలేదు, నాలుగు రోజులు వేరే టేబుల్ దగ్గర తిన్నాడు. క్లబ్బు ఢిల్లీకి పోయిందని తెలిసిన రోజు నాకు వచ్చిన ఒకే ఒక్క ఫోన్ అతనిదే. "మీ టీమ్ పోయిందట కదా బ్రో" అన్నాడు, ఎవరో చనిపోతే పలకరించినట్టు. నాకేం చెప్పాలో తోచక "పెనాల్టీలు గుర్తున్నాయా?" అన్నాను.

కాసేపు ఆగి, "రెండోసారైనా నిషు ఇంకోవైపు కొట్టాల్సింది" అన్నాడు.