ఈస్ట్‌కు షోకాజ్ నోటీసు

ఇంట్లో బీరు తయారు చేసుకునే కిట్ కొంటే మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ పాకం) డబ్బాతో పాటు ఒక కాగితం వస్తుంది. రాసిన మహానుభావుడెవరో గాని, ఈస్ట్ (చక్కెరను తిని ఆల్కహాల్, గ్యాస్ తయారు చేసే సూక్ష్మజీవి) జాతకమంతా ఆయన గుప్పిట్లోనే ఉంది. 24 గంటల్లో బుడగలు వస్తాయి. ఆరో రోజుకు పులియడం పూర్తవుతుంది. ఏడో రోజు సీసాల్లో నింపండి. అయిపోయింది. గది చల్లగా ఉంటే? ఆ ఈస్ట్ పొట్లం గోదాములో ఎండకు వేగి వేగి వచ్చి ఉంటే? అలాంటి పిచ్చి ప్రశ్నలకు ఆ కాగితంలో చోటు లేదు. ముహూర్తం పెట్టేశారు, జీవులు సహకరించాలి.

1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్ (చేదు రుచినిచ్చే పూలు), నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని శాసనం చేశారు. అందులో ఈస్ట్ ప్రస్తావనే లేదు. అప్పటి శాసనం పాపం దాని ఊసే ఎత్తలేదు, ఇప్పుడు ఊసెత్తి మరీ డెడ్‌లైన్ పెడుతున్నారు. ఏది మేలో ఈస్టే చెప్పాలి.

సరే, మొదటిసారి బీరు పెట్టిన మనిషికి గడువు దాటినా బుడగ కనిపించలేదు. టెన్షన్ మొదలు. బకెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు, చెవి ఆనిస్తాడు, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బుడగలుగా బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) మీద టార్చి వేస్తాడు. నాలుగో రోజుకు ఉన్నత స్థాయి విచారణ సంఘం సమావేశమవుతుంది. గతంలో రెండుసార్లు బీరు చేసిన మిత్రుడు అధ్యక్షుడు. ఒకసారి చేసినవాడు సభ్యుడు. ఎన్నడూ చేయకపోయినా తాగడంలో విశేష అనుభవం ఉన్నవాడు ప్రత్యేక ఆహ్వానితుడు. అభియోగం: ఈస్ట్ అనే వ్యక్తి ముందస్తు సమాచారం లేకుండా విధులకు గైర్హాజరైనందున, దానిపై చర్య ఎందుకు తీసుకోకూడదు?

‘ఆకలేస్తుందేమో, చక్కెర వెయ్యి’ అంటాడు సభ్యుడు. ఆ బకెట్‌లో ఉన్నదంతా చక్కెర నీళ్లేనన్న విషయం రికార్డులకు ఎక్కలేదు. ‘గాలి ఆడట్లేదు, గరిటెతో బాగా గిలక్కొట్టు’ అంటాడు ఆహ్వానితుడు. గాలి కావాల్సింది ఈస్ట్ వేసే ముందు. పులియడం మొదలయ్యాక గాలి కలిపితే బీరుకు తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. వాసన చూడ్డానికి మూత తీస్తారు. రంగు చూడ్డానికి తీస్తారు. తీసిన మూత సరిగా పెట్టారో లేదోనని మళ్లీ తీస్తారు. అధ్యక్షుడు బకెట్‌లోకి తల వంచి తుమ్ముతాడు. తుమ్మును మినిట్స్‌లో నమోదు చేయలేదు. ఈలోగా సభ్యుడి కంట బకెట్ లోపలి గోడ పడుతుంది. బీరు మట్టానికి రెండు వేళ్లు పైన, చుట్టూ గోధుమరంగు జిగట వలయం, మధ్యమధ్య హాప్స్ తాలూకు ఆకుపచ్చ పలుకులు. నురుగు పొంగి, తగ్గి, అంటుకుని ఎండిన గుర్తు అది. అంటే ఈస్ట్ డ్యూటీకి వచ్చింది, సంతకం కూడా పెట్టింది. ‘ఛీ, మురికి’ అని సభ్యుడు గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచేస్తాడు. సాక్ష్యాలు లేనందున పారబొయ్యమని సంఘం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తుంది.

ఇంతకీ బుడగ ఎందుకు రాలేదు? మూత చుట్టూ రబ్బరు సరిగా కూర్చోలేదు, గ్యాస్ పక్కనుంచి పోయింది. అంతే సంగతి. అసలు బుడగ సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. గది కాస్త వేడెక్కితే, పులియడం అయిపోయిన బీరు నుంచి కూడా కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు వేస్తుంది.

నిజం చెప్పేది హైడ్రోమీటర్ (బీరులో ఇంకా ఎంత చక్కెర ఉందో తేలి చూపించే గాజు గొట్టం) ఒక్కటే, అదేమో పెట్టెలోంచి బయటికే రాలేదు. నీళ్లలో 1.000 చూపిస్తుంది, మొదటి రోజు బీరులో 1.050 ఉందనుకోండి, ఇప్పుడు 1.030 ఉంటే పని జరుగుతున్నట్టే. ఈస్ట్ వేసి 72 గంటలైనా మొదటి రోజు అంకె కదలకపోతే అప్పుడు కంగారు పడొచ్చు, అప్పుడు కొత్త ఈస్ట్ వెయ్యొచ్చు. ఏల్ అనే రకం బీరుకు వాడే ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు హాయి. బాగా చలిగా ఉంటే ముడుచుకుని పడుకుంటుంది. కాచిన మాల్ట్ చల్లారకముందే వేస్తే చచ్చిపోతుంది. మధ్యలో ఆగిందనిపిస్తే రెండు మూడు డిగ్రీలు వేడి పెంచి, మూత తీయకుండా బకెట్‌ను మెల్లగా తిప్పండి. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (అదే, డబ్బాలోని పాకంతో) చేసిన బీరు ఒక్కోసారి 1.020 దగ్గరే మొండికేస్తుంది. అక్కడే అయిపోయిందా, ఆగిందా అన్నది ఓపిక పట్టినవాడికే తెలుస్తుంది.

ఇక ఆ ఏడో రోజు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

పులియడం నెమ్మదిగా నడుస్తోంది, లోపల చక్కెర ఇంకా ఉంది. కాగితం చెప్పిందని కొత్తవాడు సీసాల్లో నింపుతాడు, గ్యాస్ కోసం కాగితం చెప్పిన చక్కెర అదనంగా వేస్తాడు, మూత బిగిస్తాడు. ఈస్ట్ సీసాలో తాపీగా పని కొనసాగిస్తుంది. గ్రావిటీ (హైడ్రోమీటర్ చూపే అంకె) 0.004 తగ్గితే చాలు, మామూలు బీరులో ఉండేంత గ్యాస్ దాదాపుగా తయారవుతుంది. 0.010 మిగిలి ఉంటే ఎంతో లెక్క వేసుకోండి. ఆ గ్యాస్ ఎక్కడికి పోతుంది? సీసా పేలుతుంది. గాజు పెంకులు మొహానికి తగులుతాయి, కళ్లకు తగులుతాయి. ఈ సంగతి కిట్లు అమ్మేవాళ్లకు తెలియదా? బాగా తెలుసు! ‘రెండు మూడు రోజులు వరసగా అంకె మారకపోతేనే నింపండి’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కాని రాస్తే, డబ్బా మీద ‘వారంలో సొంత బీరు’ అని అంత పెద్ద అక్షరాలతో వేసుకోలేరు. నాలుగు డబ్బాలు ఎక్కువ అమ్ముకోవడానికి పక్కవాడి కళ్లతో ఆడుకుంటారా? సిగ్గులేదూ?

ఇప్పటికే తొందరపడి నింపేసినవాళ్లు సీసాలను ఊరికే కదపొద్దు. కళ్లకు రక్షణ అద్దాలు, మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వాటి మీద దళసరి దుప్పటి కప్పి, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబడ్డాక ఒక్కో మూత వదులు చేసి గ్యాస్ వదలండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. ఇవేవీ కాగితంలో లేవు. ఎందుకైనా మంచిదని వెనక్కి తిప్పి చూశాను, అక్కడ తర్వాతి కిట్‌కు డిస్కౌంట్ కూపన్ ఉంది.