కడుపుతో ఉన్న పిల్లకి కషాయాలు తాగించే ముందు ఒక్కసారి డాక్టర్‌ని అడగండి

నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి సలహా ఇవ్వని మనిషంటూ ఉండరు మనకి, అది ప్రేమే, కాదనట్లేదు. కానీ ఈ మధ్య అత్తలు, పెద్దమ్మల సలహాల్లోకి రీల్స్ కూడా వచ్చి చేరాయి చూడండి, నా బాధంతా అక్కడే. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చా అని డాక్టర్‌కి రెండుసార్లు ఫోన్ చేసే పిల్ల, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చెప్పారని గ్లాసుడు కషాయం మాత్రం ఎవర్నీ అడక్కుండా తాగేస్తుంది. అదేమంటే నేచురల్ అట. గన్నేరు పప్పు నేచురల్ కాదా అండీ? ఉమ్మెత్త నేచురల్ కాదా? ఊళ్ళో ఏ పిల్లాడినడిగినా చెప్తాడు అవి తింటే ఏమవుతుందో.

ముందే చెప్తున్నా, వంటింటి మీద నాకేం కోపం లేదు. చారులో మిరియాలు, పోపులో ఇంగువ, అన్నం తిన్నాక నాలుగు సోంపు గింజలు, ఇవన్నీ తిండి, హాయిగా తినండి. వేవిళ్ళకి అల్లం బానే పనిచేస్తుందని ట్రయల్స్‌లోనే తేలింది, డాక్టర్లు కూడా చెప్తారు. అయితే ఆ ట్రయల్స్‌లో ఎక్కువగా వాడింది రోజు మొత్తానికి ఒక గ్రాము అటూఇటూ అల్లం పొడి. మనవాళ్ళు చేసేదేంటి, గుప్పెడు అల్లం దంచి, అందులో దాల్చినచెక్క, వాము, మిరియాలు అన్నీ వేసి గ్లాసున్నర నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరిగించి మూడు పూటలా తాగించడం. అప్పుడది తిండి కాదమ్మా, మందు. మందు అన్నాక ఎంత, ఎన్ని రోజులు, ఇంకే ట్యాబ్లెట్లు వాడుతున్నావు అన్నీ లెక్కలోకొస్తాయి.

మెంతులే తీసుకోండి. పప్పులో పోపుకి వేసిన మెంతులతో ఎవరికీ ఏం కాదు. కానీ గర్భంలో షుగర్ వచ్చి ఇన్సులిన్ తీసుకునే అమ్మాయికి పైనుంచి చెంచాలకి చెంచాలు మెంతిపొడి పెడితే, అది కూడా షుగర్ తగ్గించేదే కాబట్టి, ఉన్నట్టుండి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఇంకో విషయం చాలామందికి తెలీదు, కాన్పు ముందు తల్లి మెంతుల టీ తాగితే పుట్టిన బిడ్డ దగ్గర ముదురు పాకం లాంటి వాసన వచ్చి, పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బేమోనని డాక్టర్లు కంగారుపడి టెస్టులు చేసిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి. జబ్బూ లేదు ఏమీ లేదు, అది మెంతుల వాసన. అంటే తల్లి తాగింది బిడ్డ దాకా వెళ్తోంది అనేగా!

ఇక ప్యాకెట్ల సంగతి. మా పిన్ని కూతురు ఐదో నెలలో ఆన్‌లైన్‌లో ఒక "గర్భిణుల టీ" తెప్పించుకుంది. ముందు వైపు పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, పక్కన ఆకులు, నూటికి నూరు శాతం సహజం అని ఇంతింత అక్షరాలు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో శతావరి, అతిమధురం, అశ్వగంధ అని పేర్లు, దేంట్లో ఎంతుందో అంకె లేదు, ఆ కిందే "గర్భిణులు, బాలింతలు వైద్యుని సలహా తీసుకొని వాడవలెను". గర్భిణుల కోసమే అమ్మే సరుకు మీద ఈ మాట రాసి తప్పించుకోవడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

ఆ పేర్లలో అతిమధురం సంగతి చెప్తా. ఫిన్లాండ్‌లో దాంతో చేసిన నల్ల మిఠాయి బాగా తింటారు. అక్కడ గర్భంతో ఉన్నప్పుడు అది బాగా ఎక్కువ తిన్న తల్లుల పిల్లల్ని పన్నెండేళ్ళ వయసులో పరీక్షిస్తే, తక్కువ తిన్నవాళ్ళ పిల్లల కంటే ఐక్యూ ఏడు పాయింట్ల దాకా తక్కువ వచ్చిందని 2017లో రాశారు. తల్లి ఒంట్లో స్ట్రెస్ హార్మోన్ బిడ్డకి మరీ ఎక్కువగా చేరకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది, అతిమధురంలో ఉండే గ్లిసిరైజిన్ దాన్ని అడ్డుకుంటుంది. ఒక పరిశోధనతో అంతా తేలిపోయిందని నేననను, కానీ అతిమధురం ఎక్కువైతే బీపీ పెంచుతుందన్నది మాత్రం ఎప్పటినుంచో తెలిసిందే, గర్భిణికి బీపీ అంటే ఎంత భయమో చెప్పక్కర్లేదు. అశ్వగంధనైతే డెన్మార్క్ 2023లో మొత్తానికే నిషేధించింది.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకి ఒక మాట. సూట్‌కేసుల్లో ఇక్కణ్ణుంచి మాత్రలు, భస్మాలు తెప్పించుకుంటారు కదా, 2011-12లో న్యూయార్క్‌లో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం బయటపడింది, వాళ్ళలో ఐదుగురు ఇండియాలో పుట్టినవాళ్ళే. సీసం తల్లి నుంచి బిడ్డకి వెళ్ళిపోతుంది, బిడ్డ మెదడుకి అదెంత చేటో వేరే చెప్పాలా. ఆయుర్వేదాన్ని తిట్టడానికి చెప్పట్లేదు ఇది. నాడి చూసి, నెలని బట్టి ఏం ఇవ్వాలో చదువుకున్న ఆయుర్వేద డాక్టర్లున్నారు, తీక్ష్ణమైనవి గర్భిణికి వద్దని ఆ శాస్త్రమే చెప్తుంది. నా గొడవంతా ఏ డాక్టరూ చూడకుండా, రసీదు లేకుండా చేతిలో పెట్టే పొట్లాలతోనే.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మగబిడ్డ మందు. బిడ్డ ఆడా మగా అన్నది కడుపు పండిన క్షణంలోనే తేలిపోతుంది. వీళ్ళేమో రెండో నెలలో, మూడో నెలలో, సరిగ్గా బిడ్డకి గుండె, వెన్ను, చేతులు కాళ్ళు తయారయ్యే టైంలో ఏదో పొడి తెచ్చి పాలల్లో కలిపి ఇస్తారు. హర్యానాలో చేసిన పరిశోధనలో ఇలాంటి మందులు వాడిన తల్లుల బిడ్డల్లో అవయవ లోపాల ముప్పు ఎక్కువని 2015లోనే తేలింది. ఎవరైనా ఇస్తే పారబొయ్యండి, మొహమాటం వద్దు.

నెలలు నిండాక ఇంకో తంతు. నొప్పులొస్తే జీలకర్ర కషాయం తాగించు, గ్యాస్ నొప్పైతే తగ్గిపోతుంది, పురిటి నొప్పులైతే పెరుగుతాయి అంటారు. జీలకర్రతో వచ్చిన భయం కాదు నాది. అది కాచి, చల్లార్చి, తాగించి, తగ్గుతుందేమో చూద్దాం అని కూర్చునే ఆ గంట, రెండు గంటలు పోతున్నాయే అదీ భయం. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా స్టవ్ వెలిగించకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆముదం తాగిస్తే తొందరగా కాన్పవుతుందని కూడా ఇస్తారు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోయిన పిల్ల నొప్పులు ఎలా పడుతుంది చెప్పండి?

టీ సంగతి కూడా చెప్పేస్తా, గ్రీన్ టీ ఆకుల టీ కదా అని కప్పులకి కప్పులు తాగుతారు, అది మామూలు టీ చెట్టు ఆకే, కెఫీన్ ఉంటుంది. పైగా ఏ టీ అయినా ఐరన్ మాత్రతో పాటు తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. మన దేశంలో గర్భిణుల్లో సగానికి సగం మందికి రక్తం తక్కువ, ఏఎన్ఎమ్ ఇచ్చిన 180 మాత్రలూ టీతో మింగితే ఏం లాభం. ఒకటి రెండు గంటలు ఎడం ఇవ్వండి.

డాక్టర్లకి కూడా ఒక విన్నపం. చెకప్‌కి వచ్చినప్పుడు ట్యాబ్లెట్లు ఏం వాడుతున్నావు అని అడుగుతారు, కషాయం దాని లెక్కలోకి రాదనుకుని ఆ పిల్ల చెప్పదు. ఇంట్లో కాచినవేమైనా తాగుతున్నావా, పొడులేమైనా తింటున్నావా అని విడిగా అడగండి, పక్కన అత్తగారుంటే ఆవిడ్నీ అడగండి. చెప్పగానే మాత్రం తిట్టకండి, ఒకసారి తిట్టించుకున్న పిల్ల మళ్ళీ చెకప్‌లో నోరు విప్పదు.